పరుగు తీసేసిన ఏడాది

"ఊపిరాడట్లేదమ్మా!"

ఫ్రాన్సులో లె మాన్ కార్ల పందెం ట్రాక్ మీద, పందెం కారులో కూర్చున్న కొడుకు గాస్పార్‌కు ఓడెట్ బెల్టు బిగిస్తోంది.

"ఇరవై నాలుగు గంటల పందెం నాయనా, ఓర్చుకో. బెల్టు కట్టుకునే బయల్దేరాలని రూలు మార్చారుగా."

"అదే నా కొంప ముంచింది. నిరుడు జెండా ఊపగానే రోడ్డుకడ్డంగా పరుగెత్తి, అందరికంటే ముందు అవతల నిలబెట్టిన కారెక్కి దూకించాను."

"మరి బెల్టెప్పుడు కట్టుకున్నావు?"

"తిన్నని రోడ్డొచ్చాక. మోకాళ్లతో స్టీరింగు పట్టుకుని."

"ఎంత వేగంలో?"

"గంటకు మూడొందలు."

ఆ పరుగులో కొడుకు కాలు జారి పడకూడదని ఓడెట్ ఏడేళ్లుగా చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తోంది.

బెల్టు ఇంకో అంగుళం లాగి, పక్కనున్న పందెం అధికారిని అడిగింది.

"బాబూ, ఇలాంటి రూల్సు ఇంకేమన్నా ఉన్నాయా?"