పందొమ్మిదో రోజు తుమ్ము

...అసలు తుమ్ము పుట్టేది ముక్కులో కాదు, భయంలో అనుకున్నాడు సదాశివ. వద్దనుకున్న కొద్దీ ముక్కుపుటాల దాకా వచ్చి కూచుంటుంది.

పందొమ్మిది రోజులుగా అతని లోకమంతా ఎడమ చెంప వెనకే ఉంది. పై దవడలో రెండు పళ్లు పోయిన చోట ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే కట్టుడు పళ్లు పెట్టాలి. అక్కడ ఎముక పల్చబడింది. అందుకని ముందుగా సైనస్ లిఫ్ట్ ఆపరేషన్. సైనస్ అంటే చెంప ఎముక వెనకుండే గాలి గది; దాని అడుగున ఉన్న పొరను పైకెత్తి, దాని కింద ఎముక పొడి నింపారు. ఆ పొర ఉల్లిపొర కన్నా పల్చన. చిరిగిందా, పొడి సైనస్‌లోకి జారుతుంది, చీము పడుతుంది, మళ్లీ కోయాలి.

ఫ్రిజ్ మీద అంటించిన కాగితం అతనికి కంఠతా వచ్చు. మూడు వారాలు ముక్కు చీదకూడదు. స్ట్రాతో తాగకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకూడదు, నోరు బార్లా తెరిచి తుమ్మాలి.

ఇంకా రెండు రోజులు.

హాల్లో కూతురు సృజన చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. ఇవాళ పెద్ద హోటల్లో మీటింగు. మొదటిసారి స్టేజి ఎక్కి మూడువందల మంది ముందు మాట్లాడాలి. వారం రోజులుగా అద్దం ముందు ఇంగ్లీషులో గొణుక్కుంటోంది.

విజయమ్మ దేవుడి ముందు ఊదుబత్తులు వెలిగించింది. ఒకటి చాలదన్నట్టు నాలుగు.

"ఏమయ్యా, జెర లోపలికి పో," అంది మొగుడితో. "బిడ్డ గడప దాటేదాక నీ ముక్కు మీద నాకు నమ్మకం లేదు."

"తుమ్ముకూ పనికీ ఏం సంబంధమే?"

"బిడ్డ పీజీ ఎంట్రన్స్‌కు పోతుంటె తుమ్మినవు. సీటొచ్చిందా?"

రాలేదు. మరుసటి ఏడు వచ్చింది. ముప్పై ఏళ్లు కాలేజీలో సైకాలజీ చెప్పి, శకునాల మీద ప్రత్యేకంగా క్లాసులు తీసుకున్న సదాశివ, ఆ ఏడాదంతా కూతురి మొహంలోకి సూటిగా చూడలేకపోయాడు.

సృజన చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "డాడీ, ముక్కు గిట్ల చీదలేదు గదా?"

"లేదు బిడ్డా. నువ్వు పరేషాన్ గాకు. పో, టైమైతుంది."

అప్పుడే ఊదుబత్తి పొగ సన్నగా అతని వైపు తిరిగింది.

వంటింట్లోకి పోదామనుకున్నాడు. కాళ్లు కదిలేలోగా కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచాడా, తిరుమలగిరి చౌరస్తా దాకా వినిపిస్తుంది అతని తుమ్ము. రెండు తుమ్మితే దోషం లేదంటారు. కానీ రెండోది వస్తుందని ఎవరు పూచీ?

సృజన కుడికాలు గడప మీద ఉంది.

సదాశివ రుమాలుతో ముక్కు గట్టిగా మూసి, పెదాలు బిగించాడు. తుమ్ము బయటికి రాలేదు. లోపలికి పోయింది. చెంప వెనక ఏదో టప్పుమంది. గొంతులోకి వెచ్చగా, ఉప్పగా జారింది.

రుమాలు విప్పి చూశాడు. నెత్తుటి చార. అందులో బొంబాయి రవ్వ లాంటి తెల్లటి పలుకులు నాలుగు.

విజయమ్మకు ఏదీ వినపడలేదు. చాన్నాళ్లకు మొగుడి వైపు మెచ్చుకోలుగా చూసింది.

"పోయొస్త డాడీ!" గేటు దగ్గర్నించి సృజన కేకేసింది.

తాను చేసిన మొట్టమొదటి సైనస్ లిఫ్ట్ ఆపరేషన్ ఏ చిక్కూ లేకుండా నిలబడిందని మూడువందల మంది పళ్ల డాక్టర్లకు ఎక్స్‌రేలతో సహా చూపించబోతున్న డాక్టర్ సృజనకు, ఆ ఎక్స్‌రేల్లోని పేషెంటు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, నోరు మూసుకునే చెయ్యి ఊపాడు.