వాలని దోమలు

ప్రేమావతి ముందు గదిలో గుడ్డి బల్బు కింద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కనే ఆమె భర్త స్టీవెన్ లుంగీ మోకాళ్ల పైకి మడిచి, కాళ్లు చాపుకుని ఉన్నాడు. కాలిమీద దోమ వాలగానే గాజు గొట్టంతో పట్టి ఇవ్వడం అతని పని. మలేరియా మీద పరిశోధనకని నర్సీపట్నం వచ్చిన సారు కుదిర్చిన పని అది. ఆయనా అక్కడే స్టూలు మీద కూర్చుని, పుస్తకంలో లెక్క రాసుకుంటున్నారు.

మూడు రోజులుగా స్టీవెన్‌కు జ్వరం. ఈ రాత్రి గదంతా దోమలు జుయ్యిమంటున్నా ఒక్కటీ అతని మీద వాలడం లేదు. ప్రేమావతి తన చెయ్యి అతని కాలి పక్కన పెట్టి చూసింది. వెంటనే మూడు వాలాయి, ఆమె చేతి మీదే.

"సారూ, బేగి మాత్రలియ్యండి. ఈయన ఒళ్లు సల్లబడిపోతంది."

"మందు వేస్తే ఇన్నాళ్ల లెక్కా పాడైపోతుందమ్మా. ఇంకొక్క రాత్రి ఓర్చుకో."

"మీ పుస్తకానికి జొరమొస్తే ఏస్తారా, సారూ?"

సారు టార్చి వేసి స్టీవెన్ కాలు చూశారు. ఆమె చేతిమీది దోమల్ని లెక్కపెట్టారు. రెండూ రాసుకున్నారు.

"ఏవండీ, మాటాడండి," అంది ప్రేమావతి భర్తతో.

గొట్టం పట్టుకున్న చెయ్యి కదల్లేదు. దోమల రొద ఉన్నట్టుండి ఆగిపోయింది.

సారు టైము చూసి, అదీ రాసుకుని, సంచిలో మాత్రల సీసా గలగలలాడుతుండగా గడప దాటారు.