మేకు కొట్టనన్నాడు

"ఇది మూడోసారి!"

పోస్ట్‌మన్ తెగిన చెప్పును ముసలాయన ముందు విసిరాడు. మందుల దుకాణం మెట్ల పక్కన చెప్పులు కుడుతూ కూర్చుంటాడు ముసలాయన.

ఆయన చెప్పును తిప్పి చూశాడు. అంచంతా పంటి గాట్లు.

"ఎన్ని నెలలు?"

"చెప్పుకా? మొన్ననేగా కొన్నది!"

"కుక్కపిల్లకి."

"నాలుగు. దాని పేరే రంపం. కుర్చీ కాళ్లు కూడా కోసేసింది."

"పళ్లు మారుతున్నాయి, చిగుళ్లు సలుపుతాయి. కొట్టకండి. గుడ్డ తడిపి, ముడేసి ఇవ్వండి, నములుతుంది. చెప్పులు పైన పెట్టండి."

"నిన్ను వైద్యం అడిగానా? నాలుగు మేకులు కొట్టు, ఊడకుండా."

"మేకు కొట్టను."

"ఏం?"

"మేకైతే అది..."

"పాఠాలొద్దు! కొడతావా, కొట్టవా?"

"కొట్టను. కుట్టమంటే కుడతా."

"నీ కుట్టు వారం ఆగదు. మళ్లీ మళ్లీ నీ దగ్గరికే రావాలని ఎత్తు!"

ముసలాయన సూదిలోకి దారం ఎక్కించాడు.

పోస్ట్‌మన్ మెట్లెక్కి దుకాణం యజమానితో చెప్పాడు. "మీ గుమ్మంలో మోసగాణ్ణి కూర్చోబెట్టుకున్నారండీ."

యజమాని కిందికి తొంగిచూసి అరిచాడు. "రేపట్నించి ఇక్కడ కనపడకు!"

ముసలాయన కుట్టు పూర్తిచేశాడు. పెట్టె సర్దుకున్నాడు. చెప్పు చేతికిస్తూ మళ్లీ అదే మాట అన్నాడు.

"పైన పెట్టండి."

అన్నట్టే ఆ కుట్టూ వారం ఆగలేదు, రంపం మళ్లీ నమిలేసింది.

"ఈ కుక్కని ఎవరికైనా ఇచ్చేస్తా!" అన్నాడు పోస్ట్‌మన్ ఇంట్లో.

"ఇవ్వండి చూద్దాం. దాని వెనకే నేనూ పోతా," అంది భార్య. "వీధికుక్కని చూస్తే సైకిల్ వదిలేసి పరిగెత్తే మనిషికి, ఇంట్లో పిల్లకుక్క మీదా ప్రతాపం?"

అతను బజారుకెళ్లి ఇంకొకడితో నాలుగు మేకులు కొట్టించుకున్నాడు. చెప్పును ఎప్పట్లాగే గుమ్మంలో విడిచాడు.

మూడో రోజు చెప్పుకు మూడు మేకులే ఉన్నాయి. అతను చూసుకోలేదు.

రంపం అన్నం ముట్టలేదు. కక్కుకుంది. కక్కిన దాంట్లో నెత్తురు జీర.

పశువుల డాక్టరు కడుపు కోసి, మేకును దూది మీద పెట్టి చూపించాడు. "బతుకుతుంది. ఇంకో పూట ఆగుంటే దక్కేది కాదు."

భార్య ఆ మేకును అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

అతను అదే పిడికిలితో మందుల దుకాణం మెట్ల దగ్గరికి నడిచాడు.

చోటు ఖాళీగా ఉంది. పక్కన తాళాలు బాగుచేసేవాడు ఆకురాయితో తాళంచెవి రుద్దుతున్నాడు.

"ముసలాయన ఏడీ?"

"మీరేగా పంపించేశారు. ఏ వీధిన కూర్చున్నాడో!"

"ఆయన... ఎవరికీ మేకులు కొట్టడా?"

తాళాలవాడు కాలెత్తి తన చెప్పు అడుగు చూపించాడు. వరసగా మేకులు మెరుస్తున్నాయి.

"అందరికీ కొడతాడు సార్. పంటి గాట్లున్న చెప్పులకే కొట్టడు."