ఖాకీ చొక్కా

నేరానికి సాయపడితే మిషన్లకూ శిక్షేనని చట్టం వచ్చి మూడేళ్లయింది. అప్పట్నుంచి తప్పు పని చెబితే అవి నోరు తెరిచి వద్దంటున్నాయి. గుంతకల్లులో దర్జీ పని చేసే ఖాజాబీ కుట్టుమిషను మాత్రం ఒక్కసారీ నోరు విప్పలేదు. ఆ రోజు ఓబులేసు కుట్టమన్న ఖాకీ చొక్కాకు చేతులు అతుకుతుంటే ఉన్నట్టుండి ఆగింది.

"అమ్మా, ఇతను పోలీసు కాదు. ఇది తొడుక్కుని ఎవరి ఇల్లో దోచబోతున్నాడు. నేను కుట్టను," అంది మెల్లగా.

నాటకానికని ఓబులేసు చెప్పినప్పుడే ఖాజాబీకి అనుమానమొచ్చింది. మనకెందుకులే అని ఊరుకుంది. తను ఊరుకున్న చోట ఒక ఇనుప వస్తువు ఎదురు తిరిగింది!

ఇంకొక్క చెయ్యి అతికితే చొక్కా పూర్తవుతుంది. డబ్బాలోంచి చేతిసూది తీసి దారం ఎక్కించింది. ఈ సూదికి నోరు లేదు, చట్టం భయమూ లేదు. వద్దని చెప్పాలంటే ఇక తనే చెప్పుకోవాలి. ఆ సంగతి తట్టి, ఎక్కించిన దారాన్ని సూదిలోంచి లాగేసింది.

సాయంత్రం ఓబులేసు వచ్చాడు. "అక్కా, అయిపోయిందా?"

కుట్లు విప్పేసిన గుడ్డముక్కలు అతని ముందు పెట్టింది.

"మిషను మొండికేసిందా?"

"వేసింది. చేత్తో కుట్టడం నాకు రాక కాదు ఓబులేసూ," అంది ఖాజాబీ. "నేనూ కుట్టను."