అవతలి వైపు కార్డు

"ఈ కార్డు ఇక్కడ చెల్లదండీ," అంది కౌంటర్లో అమ్మాయి.

కోడలు కార్డు తిరగేసి మళ్ళీ అందించింది, రెండో వైపు చెల్లుతుందేమో అన్నట్టు.

"ఎటు తిప్పినా అంతేనండీ. ఇది రాష్ట్ర సరిహద్దు అవతలి కార్డు. మీ వైపు ఆరోగ్య బీమా ఆఫీసరు అనుమతి పంపితేనే ఇక్కడ ఆపరేషన్ చేస్తారు. పదకొండు లోపు రావాలి."

"రాకపోతే?"

"శుక్లాల డాక్టరు గారు నెలకి ఒక్కరోజే వస్తారు. వచ్చే నెల రండి."

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది.

వచ్చే నెలంటే కోడలికి కుదరదు. అత్తాకోడళ్ళది కుట్టుపని కొట్టు. కత్తెర కోడలిది, మిషను అత్తది. రెండు నెలల్లో బడి తెరుస్తారు, అప్పటికి అరవై చొక్కాలు కుట్టి ఇవ్వాలి. అత్తేమో చూపు ఆనక పోయిన వారం ఒకే చొక్కాకి రెండూ కుడి చేతులే కుట్టి పెట్టింది. ఇంకో నెల ఇలాగే గడిస్తే ఆ పని వేరే కొట్టుకి పోయినట్టే.

కోడలు ఆఫీసరు గారి ఆఫీసు నంబరుకి ఫోన్ చేసింది. మోగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది, అంతే.

అత్తకి ఈ గొడవేమీ పట్టలేదు. పెళ్ళికొచ్చినట్టు బెంచీ మీద కూర్చుని పక్కావిడతో కబుర్లు మొదలెట్టేసింది. ఆవిడకీ శుక్లాలే. ఒకరి మొహం ఒకరికి ఆనదు గానీ ఇద్దరి నవ్వులతో హాలు హాలంతా మోగుతోంది.

పక్కావిడ కొడుకు నలిగిన చొక్కాతో, చేతిలో గుడ్డసంచీతో అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎత్తట్లేదా అమ్మా?" అని కోడల్ని అడిగాడు.

"ఎత్తితే వింతండీ. ఆ మహానుభావుడు ఎక్కడ కునుకు తీస్తున్నాడో. ఒక్క సంతకం పెడితే చేతులు అరిగిపోతాయి కాబోలు."

"అలాంటివాడే అయ్యుంటాడు," అన్నాడతను బుద్ధిగా.

అత్త అందుకుంది. "ఆ ఆఫీసర్ని కన్నతల్లి ఎవరో గానీ, చిన్నప్పుడే రెండు తగిలించి ఉంటే బాగుపడేవాడు."

పక్కావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "తగిలించే ఉంటుంది వదినా. బాగుపడకపోతే ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది?"

అతను గొంతు సవరించుకున్నాడు. "మీ కార్డు నంబరు ఒకసారి చెప్తారా?"

కోడలికి ఒళ్ళు మండింది. ఆసుపత్రుల్లో ఇలాంటి బ్రోకర్లు తిరుగుతుంటారని ఆమె వినే ఉంది.

"మీకెందుకండీ?"

"నాకు చేతనైంది చూద్దామని."

"మా తంటాలు మేం పడతాం లెండి. మీ బేరాలు ఇంకెవరితోనన్నా పెట్టుకోండి."

ఈలోపే అత్త పన్నెండు అంకెలూ గడగడా అప్పజెప్పేసింది. చూపు తగ్గిన దగ్గర్నుంచీ ఆవిడకి అన్నీ నోటికే వచ్చు.

కోడలు అత్త మోచేతిని గిల్లింది. అతను ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

పోనీలే అనుకుని కోడలు కౌంటరు మీదికి యుద్ధానికి వెళ్ళింది. గొంతు పెంచింది. పెద్ద డాక్టర్ని పిలవమంది. అరవై చొక్కాల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. పాపం, ఆ అమ్మాయి చేయగలిగింది ఏమీ లేదు, తలూపుతూ విన్నది. అలా వింటూ వింటూ కంప్యూటరు వైపు చూసి ఆగిపోయింది.

"వచ్చేసిందండీ, అనుమతి. పెద్దావిణ్ణి లోపలికి తీసుకెళ్ళండి."

పదకొండుకి ఇంకా పావుగంట ఉంది. కోడలు గెలిచినట్టు వెనక్కి తిరిగింది. అతను ఎప్పుడొచ్చాడో, తల్లి పక్కన కూర్చుని ఉన్నాడు.

"చూశారా, గట్టిగా అడిగితే పనవుతుంది. మధ్యలో బ్రోకర్లు అక్కర్లేదు."

"నిజమేనమ్మా," అన్నాడతను. "తలుపు దగ్గర గడప ఉంది, ఆవిణ్ణి చూసి నడిపించండి."

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. అత్త ముందుగా నర్సు కోటు వంక చూసింది.

"ఇదెవరు కుట్టారమ్మా? అంచు వంకర పోయింది."

తర్వాత కోడలి వంక చూసింది. "నీకు తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?"

"మీ కుట్లు విప్పలేక వచ్చాయి అత్తయ్యా," అని కోడలు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అంత ఆనందం ఆ కొట్టు తెరిచిన రోజున కూడా కలగలేదు ఆమెకి.

రెండో కంటికి తేదీ రాయించుకుందామని ఇద్దరూ కౌంటరు దగ్గరికొచ్చారు.

"నిన్న నా పక్కన కూర్చున్నావిడ మొహం ఎలా ఉంటుందో చూడాలమ్మా," అంది అత్త. "ఏ మంచం?"

"ఆవిడ నిన్ననే ఇంటికెళ్ళిపోయారండీ. ఆపరేషన్ వచ్చే నెల, మీ రెండో కంటితోపాటే."

"భలే, నాకు తోడు దొరికింది," అని మురిసిపోయింది అత్త.

కోడలికి మాత్రం అర్థం కాలేదు. "జాబితాలో మాకంటే ముందున్నారు కదా, ఎందుకాగింది?"

"ఆవిడదీ మీ వైపు కార్డే. అనుమతి రాలేదు."

"మాకు వచ్చిందిగా. ఆ ఆఫీసరుకే నాలుగుసార్లు ఫోన్ చేయాల్సింది."

కౌంటర్లో అమ్మాయి తేదీ చీటీ అందిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"ఫోన్ దేనికండీ, సెలవు పెట్టి ఆయన ఇక్కడే ఉన్నారు కదా, మీ కాగితానికి ఈ వరండాలోంచే అనుమతి పంపారు, కన్నతల్లి కాగితానికి మాత్రం ఆయన సంతకం పనికిరాదట."