రేకుతల

"కట్!" అన్నాడు దర్శకుడు. జనం చూడటం లేదని ఛానెల్ సీరియల్‌ని మధ్యలోనే ఆపేసింది. ఎదురుతిరిగిన మరమనిషిని చంద్రలోకపు రాణి పొడిచి చంపడంతో కథ ముగించేశారు.

రాణి వేషం వేసిన నటి, మరమనిషి రేకుతల ఊడదీస్తూ, "వెళ్లేముందు మొహమైనా చూపించు అన్నయ్యా" అంది.

లోపల ఎవరో కొత్తమనిషి.

"అన్నయ్యేడీ?"

"పోయిన నెల ఎండలో తీసినప్పుడు, ఈ రేకుల్లోనే ఊపిరాడక పోయాడమ్మా. బయటికి పొక్కకూడదని మర్నాడే నన్ను బిగించారు."

"నిన్న కూడా అడిగానే, పాప బాగుందా అని! తలూపావు!"

"ఏమడిగినా తలూపమన్నారు. ఆయన పాప మాత్రం రోజూ టీవీలో నన్ను చూసి, నాన్న అందులోనే ఉన్నాడంటోందట."

ఆమె రేకుతల మళ్లీ అతనికి తొడిగి, తన కత్తి అతని చేతిలో పెట్టింది.

"డైరెక్టర్ గారూ, ఆ షాట్ మళ్లీ తీద్దాం. ఈసారి చచ్చేది నేను."