ఆటలో పెట్టిన పేరు

“ఏమప్పా, మిక్సీ ప్లగ్గు పీకినావా? ఊరుబిండి పచ్చడి యాడ రుబ్బల్ల?” హేమలత కసిరింది.

కంప్యూటర్‌లో ఆట ఆడుతున్న భర్త సురేంద్ర తల తిప్పలేదు. పాడే అమ్మాయిలకు తర్ఫీదిచ్చి ప్రదర్శనలకు పంపే ఆట అది. కలిసొస్తుందని ఉరవకొండలో అంగడికి కూతురి పేరు పెట్టుకున్నవాడు, ఆటలోని ఒక పిల్లకూ మల్లీశ్వరి అనే పెట్టాడు. ఆ పిల్ల అలసిపోయిందని తెరమీద పడుతున్నా, ‘సాధన’ అన్న బొత్తాం మీదే నొక్కుతున్నాడు.

“గొంతు పోయింది” అని తెరమీద అక్షరాలు వచ్చాయి.

పక్క గదిలో రేపటి పోటీకి పాడుకుంటున్న కూతురు మల్లీశ్వరి చరణం మధ్యలో ఆగిపోయింది. హేమలత పరుగెత్తింది. పిల్ల పెదవులు కదులుతూనే ఉన్నాయి. శబ్దం లేదు.

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. “నీ ఆటతోనే వచ్చినాదిది,” అంది హేమలత.

“జలుబే పిచ్చిదానా,” నవ్వాడు సురేంద్ర. “నీకంత భయమైతే, తిన్నంక ఆటలోని ఆ పిల్లను పూర్తిగా తీసేస్తాలే.”

మల్లీశ్వరి తల్లి చేయి గట్టిగా పట్టుకుంది.